రెండు హారన్ల బండి

ఆ రోజు ఉదయం గుమాస్తా పెట్టుకున్న పనులు రెండే. చూడటానికి తెచ్చుకున్న పాత పికప్ బండిని ఆఫీసుదాకా నడపాలి. పది గంటలకు ముందే హాజరు రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆ నెలలో అతను అప్పటికే రెండుసార్లు ఆలస్యమయ్యాడు. మూడోసారి ఆలస్యమైనవాణ్ని ఊరవతల గోదాముకు పంపడం ఆ ఆఫీసు ఆనవాయితీ. గోదాముకు బస్సు లేదు. అక్కడికి వెళ్లినవాళ్లను తిరిగి పిలిచిన దాఖలా కూడా లేదు.

తప్పంతా తాను ఎక్కే బస్సుదేనని గుమాస్తా నమ్మకం. అందుకే సొంత బండి కొనాలనుకున్నాడు. భార్య కారు కొందామంది.

"కారులో మీ బీరువా పడుతుందా?" అన్నాడు గుమాస్తా.

అంతే, ఆమె కారు మాట వదిలేసింది. ఆమె పుట్టింటి బీరువా మూడేళ్లుగా తమ్ముడి వరండాలో పడి ఉంది. మొక్కలకు తేవలసిన మట్టీ, పారేయవలసిన విరిగిన మంచమూ వేరే ఉన్నాయి. ప్రతి ఆదివారం ఆమె వీటిని గుర్తుచేసేది, అతను బండి లేదనేవాడు. బండి కొంటే ఆ సాకు కాస్తా పోతుందని అతనికి తట్టలేదు. తెలివి ఆ ఇంట్లో ఒకరికే ఉండేది.

సరుకుల జాబితాలు సరిచూడటం అతని ఉద్యోగం. ఏ వస్తువునైనా రెండుసార్లు చూశాకే టిక్కు పెట్టాలని ఆఫీసు నియమం. బండి కోసం కూడా ఇరవై రెండు అంశాల జాబితా తయారుచేశాడు. పెళ్లికి ముందు తనను కూడా రెండుసార్లు చూసే ఒప్పుకున్నాడు కనుక తర్వాతి ఫిర్యాదులకు తాను బాధ్యురాలిని కాదని భార్య అంటుంది.

మొదట చూసిన బండి వెనక తొట్టిలో నిలబడితే కింద రోడ్డు కనిపించింది. రెండో బండి స్టీరింగు ఎటు తిప్పినా ఎడమకే పోయింది. అది దాని అలవాటని అమ్మేవాడు సర్దిచెప్పాడు. మూడోది ఒక మేస్త్రీది. పాత గోడలు కూల్చే పని అతనిది. దాని ఎడమ తలుపు తెరుచుకోదు. డ్రైవరు వెనక అద్దం ఉండాల్సిన చోట చెక్క కొట్టి ఉంది. పక్క అద్దంలో ఆకాశం తప్ప మరేమీ కనిపించదు. ఇంజను మాత్రం దిట్టం.

"నా మోకాళ్లు అరిగాయి గానీ దాని క్లచ్చి అరగలేదు బాబూ," అన్నాడు మేస్త్రీ. "ఒకరోజు ఆఫీసుకు నడిపి చూసుకోండి. సాయంత్రం మాట చెప్పండి." తాళం చేతిలో పెడుతూ, "ఒక్కటే చెప్తున్నా. హారన్ జోలికి మాత్రం పోకండి," అన్నాడు.

ఎందుకని గుమాస్తా అడగలేదు. లొసుగు దొరికిందనుకుని లోలోపల సంబరపడ్డాడు.

బయల్దేరేటప్పుడు భార్య వాకిట్లోకి వచ్చి బండి చుట్టూ తిరిగింది.

"ఈ తలుపు రాదుగా. నేనెలా ఎక్కాలండీ?"

"నా వైపు నుంచి ఎక్కి అటు జరుగు."

"అంటే నేను ఎక్కాలంటే ముందు మీరు దిగాలన్నమాట. ఈ బండిలో అదొక్కటే నాకు నచ్చింది."

గుమాస్తా జాబితాను అట్టకు బిగించి స్టీరింగు పక్కన పెట్టుకున్నాడు. నాలుగు రోడ్ల కూడలి చేరేసరికి తొమ్మిదో అంశం వచ్చింది. హారన్. బండి ఆపి ఒకసారి కొట్టాడు. దున్నపోతు రంకె వేసినట్టు మోగింది. లోపమేమీ కనిపించలేదు. నియమం ప్రకారం రెండోసారి కూడా కొట్టి, టిక్కు పెట్టడానికి తల వంచాడు.

కూడలిలో అరుగు మీద మేస్త్రీ కూలీలు ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఇవాళ పని లేదని మేస్త్రీ ముందురోజే చెప్పాడు. అయినా ఎవరైనా పిలవకపోతారా అని వచ్చారు. ఆ బండి రెండు హారన్లు కొడితే ఎక్కి కూర్చోవడం వాళ్లకు పదిహేనేళ్ల అలవాటు. బస్సెక్కేవాడు డ్రైవరు మొహం చూడడు. వాళ్లూ చూడలేదు. గునపాలూ గంపలూ తొట్టిలో పడేసి ఎక్కారు.

బండి ఊగింది. "స్ప్రింగులు వదులు," అని గుమాస్తా రాసుకున్నాడు. కాస్త దూరం పోయాక, "లాగుడు తగ్గింది," అని రాసుకున్నాడు. మలుపు దగ్గర, "వెనక గలగల," అని రాశాడు. ఆఫీసు గేటు దగ్గరికి వచ్చేసరికి, "వెనక నవ్వులాంటి చప్పుడు, పరిశీలించాలి," అని రాసి కింద గీత గీశాడు.

అప్పటికి పది కావడానికి పావుగంట ఉంది. అతని ఉద్యోగ జీవితంలో అంత పెందలాడే ఎప్పుడూ రాలేదు. పావుగంటంటే బోలెడు సమయమనుకుని, చప్పుళ్ల సంగతి తేల్చడానికి చటుక్కున దిగి బండి ముందు నుంచి కిందకు దూరాడు. అలా పడుకునే పన్నెండు పాదాలు గేటు పక్క టీ కొట్టుకు పోయి, కాసేపయ్యాక ఆఫీసులోకి వెళ్లడం చూశాడు. అవి తన బండిలోంచి దిగినవేనని అతనికి తోచలేదు. జాబితాలో పాదాలు లేవు.

లోపల ఆఫీసరు రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నాడు. ఆలస్యంగా వచ్చేవాళ్ల పేర్ల మీద ఎర్ర పెన్నుతో గీత గీయడం తప్ప అతనికి వేరే సరదా లేదు. అందుకే సిబ్బంది అతన్ని చాటుగా ఎర్రసిరా అనేవాళ్లు. అతనికి ఒక కోరిక ఉంది. తన గదికీ కాగితాల కొట్టుకూ మధ్య ఉన్న గోడ తీయించి గది పెద్దది చేసుకోవాలి. రెండేళ్లుగా తన పై అధికారి పెద్దసారుకు అర్జీలు పెడుతున్నాడు. జవాబు రాలేదు.

కూలీలకు పెద్ద దిక్కయిన ముసలావిడ గుమ్మంలో నిలబడి అడిగింది.

"అయ్యా, ఏ గోడ?"

గడియారంలో పదికి ఒక నిమిషం తక్కువగా ఉంది. అలాంటి సమయంలో ఎర్రసిరా తల ఎత్తడు. పైవాళ్లు ఇన్నాళ్లకు కరుణించారనుకున్నాడు.

"ఆ గోడే. కానివ్వండి," అని రిజిస్టరు మీంచి చూపు తిప్పకుండా పెన్ను ఊపాడు.

పెన్ను ఊపిన దిక్కున కొట్టు లేదు. పెద్దసారు గది ఉంది.

పది దాటాక పది నిమిషాలు గడువు. అది కూడా దాటాక గుమాస్తా పేరు మీద ఎర్రగీత పడింది. పక్కన, "పదీ పదికి రాలేదు. మూడోసారి," అని రాసి ఎర్రసిరా తృప్తిగా మూత పెట్టాడు. అప్పుడే గోడలో తలుపంత ముక్క అవతలికి కూలింది.

ఇంట్లో నీళ్లు రాని రోజున పెద్దసారు ఆఫీసులోనే గడ్డం గీసుకుంటాడు. ఆ రోజు నీళ్లు రాలేదు. అద్దం ఆ గోడకే ఉండేది. దుమ్ము అణిగాక కంతలోంచి ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో అతని మొహం కనిపించింది.

"ఏమిటిది?"

"మీరు మంజూరు చేసిన పనే కదా సార్," అన్నాడు ఎర్రసిరా, లేచి నిలబడి.

"నా అద్దం పగలగొట్టమని నేను మంజూరు చేశానా?"

"మాకేం తెలుసయ్యా," అంది ముసలావిడ గునపం దించి. "ఈ సారే పెన్నుతో చూపించాడు."

"మిమ్మల్ని తెచ్చిందెవరు?"

"బండాయన. అదిగో, వస్తున్నాడుగా."

చప్పుడు విని గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. మొహమంతా ఆయిలు, చేతిలో జాబితా.

"వీళ్లను తెచ్చింది నువ్వేనా?"

"నేనెవర్నీ తేలేదు సార్. బండి కింద ఉన్నాను."

పెద్దసారు తువ్వాలుతో నురగ తుడుచుకుని ఎర్రసిరా వైపు తిరిగాడు. "కూలీలు ఎన్నింటికి వచ్చారు?"

"పదికి ఒక నిమిషం తక్కువ సార్," టక్కున చెప్పాడు ఎర్రసిరా. ఆ విషయంలో అతనికి తిరుగులేదు.

"ఇతనో?"

ఎర్రసిరా రిజిస్టరు తెరిచి చూపించాడు.

"పదీ పదికి కూడా రానివాడు, పదికి ముందు వచ్చినవాళ్లను ఎలా తెచ్చాడయ్యా?"

"అంటే... వచ్చే ఉంటాడు సార్."

"అయితే రిజిస్టరు తప్పన్నమాట."

గోడలోంచి ఒక ఇటుక నిదానంగా రాలింది. ఎర్రసిరా పందొమ్మిదేళ్లుగా ఆ రిజిస్టరు రాస్తున్నాడు. అందులో ఒక్క కొట్టివేత లేదు. అతను గుమాస్తాను చూశాడు, కంతను చూశాడు, చివరికి రిజిస్టరును చూశాడు.

"రిజిస్టరు తప్పు కాదు సార్."

"అయితే వీళ్లను తెప్పించి గోడ కూల్చింది నువ్వే."

"నేనే సార్."

గుమాస్తా గండం గడిచిందనుకున్నాడు. అంతటితో ఊరుకోక నవ్వాడు. పెద్దసారు అది చూశాడు.

"రిజిస్టరు ఒప్పే కాబట్టి నీది మూడో ఆలస్యం. ఇద్దరూ రేపట్నుంచి గోదాముకు పొండి. అమ్మా, ఆ గోడ మళ్లీ కట్టండి."

"కట్టడం మా పని కాదయ్యా," అంది ముసలావిడ, గంప ఎత్తుకుంటూ. "మాది పడగొట్టడం వరకే."

సాయంత్రం గుమాస్తా బండి తీసుకుని మేస్త్రీ ఇంటికి వెళ్లాడు. మేస్త్రీకి సంగతి అప్పటికే తెలిసింది.

"ఎన్నిసార్లు కొట్టారు?"

"రెండు."

"జోలికి పోవద్దన్నానా లేదా?"

"ఎందుకో చెప్పలేదుగా మేస్త్రీ!"

"మీరు అడిగారా?"

గుమాస్తా జాబితా తిరగేశాడు. అందులో ఆ ప్రశ్న లేదు. గోదాముకు బస్సు కూడా లేదు. జాబితాలో టిక్కులు తొమ్మిది, తప్పులు పదమూడు. అయినా ఆ బండే కొన్నాడు. వచ్చిన ఆదివారమే బీరువా ఇంటికి వచ్చింది. దాన్ని అతనే మోశాడు. భార్య డ్రైవరు సీట్లో కూర్చుని ఎటు పట్టుకోవాలో చెప్పింది.

ఇప్పుడు రోజూ ఉదయం కూడలి అరుగు మీద ఏడుగురు కూర్చుంటారు. ఏడో మనిషి చంకలో రిజిస్టరు ఉంటుంది. ఎడమ తలుపు తెరుచుకోదు. అతను ముందు సీట్లో కూర్చోవాలంటే గుమాస్తా దిగాలి. గుమాస్తా దిగడు. రెండు హారన్లు కొడతాడు. అలవాటు కొద్దీ ఆరుగురూ లేస్తారు, బండి చూసి మళ్లీ కూర్చుంటారు. ఏడోవాణ్ని ముసలావిడ రెక్క పట్టి తొట్టిలోకి ఎక్కిస్తుంది. "గట్టిగా పట్టుకో అయ్యా, మలుపులో ఊగుతుంది," అని రోజూ చెబుతుంది.

గుమాస్తా కూడలికి వచ్చేసరికే ఏ రోజైనా పది అవుతుంది. గోదాములో కూడా రిజిస్టరు ఎర్రసిరా చేతిలోనే ఉంది, గీస్తే ఇప్పుడు తన పేరు మీద కూడా గీత గీయాలి. ఎర్ర పెన్నులో సిరా అయిపోయి నెలవుతోంది, అతను ఇంకా తెప్పించలేదు.