మారెన్న బావిలో బుడగలు

మర్నాడు గండికోట కింద పెన్న నీళ్ళలో పరీక్ష. నీళ్ళలో పడిన మనిషికి పట్టీలు బిగించి తాడుతో పైకి చేర్చాలి. నెగ్గితే డోన్ అగ్నిమాపక కేంద్రంలో డ్రైవరుగా ఉన్న ఏసన్నకు ఈతగాళ్ళ దళంలో చోటు దొరుకుతుంది. లేకుంటే మళ్ళీ స్టీరింగే. అందుకని ఆ ఉదయం ఊళ్ళోనే ఒకసారి సాధన చేద్దామనుకున్నాడు. ఎండలకు బావులన్నీ ఎండిపోయి, మారెన్న బావిలోనే రెండు నిలువుల నీళ్ళున్నాయి.

హార్నెస్ అంటే భుజాల మీదుగా, నడుం చుట్టూ బిగించే పట్టీలు. వీపున గాలి సిలిండరును మోసేదీ అదే, మనిషిని పైకి లాగేటప్పుడు పట్టుకునేదీ అదే. దానికి కాళ్ళ సందునుంచి వచ్చే పట్టీ ఒకటుంది. చూస్తే అచ్చం గోచీ. ఊరి ఆడవాళ్ళ ముందు గోచీతో నడవడానికి ఏసన్నకు మనసొప్పలేదు. దాన్ని విప్పి మంచం కింద పడేసి, తాడు పట్టుకోడానికి బామ్మర్ది అయ్యన్నను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

మారెన్న బావి గట్టు మీదే ఉన్నాడు.

"ఏమప్పా ఏసన్నా, వీపుకు గ్యాస్ బండ కట్టుకోని యాడికి?"

"నీ బావిలోకే మామా. రేపు పరీక్షుండాది, కొంచేపు మునిగొస్తా."

"బావిలో ఏం పరీక్షప్పా!"

ఆ బావి తవ్వేటప్పుడు నిధి ఉన్న రాగిబిందె ఒకటి కనిపించి జారిపోయిందని ఊళ్ళో అనుకుంటారు. వీడు దిగేది దానికోసమేనని మారెన్నకు అర్థమైపోయింది.

ఏసన్న మోటారు పైపు పట్టుకుని దిగి మునిగాడు. కాసేపటికి బుడబుడమంటూ బుడగలు లేచాయి.

"ఆ బుసలేందిరా అయ్యన్నా? బిందెకు కాపలా ఉండే పాము లేసిందా?"

"పాము కాదు మామా, మా బావ ఊపిరి."

"నీళ్ళలో ఎవడన్నా ఊపిరి తీస్తాడంట్రా! నా చెవిలో పూలు పెడతాండావా?"

ఆ కేకకు పక్క చేలవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. సెల్‌ఫోన్లు బయటికొచ్చాయి.

అదే సమయానికి ఇంట్లో ఏసన్న భార్య ప్రేమజ్యోతి చీపురుకు పట్టీ తగిలింది. ఇది లేకుండా లాగితే హార్నెస్ చెవులదాకా ఎగదన్ని మనిషి కిందికి జారిపోతాడని మొగుడు వారంగా ఇంట్లో పాఠం చెబుతూనే ఉన్నాడు. పట్టీ చేతపట్టుకుని బావికేసి ఒకటే పరుగు.

"బిందెకు కట్టేదానికి పట్టీ తెస్తాండాదిరో! దొరికినట్టుండాది!" అని ఎవరో అరిచారు.

"నా బావి! నా బిందె!" అంటూ మారెన్న ముందుకు వంగాడు. వంగినవాడు వంగినట్టే బావిలో పడ్డాడు.

ఈత రాని మారెన్న రెండు గుటకలు మింగేలోపే ఏసన్న పక్కన తేలాడు. వెనకనుంచి చంకల కింద చెయ్యి వేసి ఎత్తిపట్టాడు. సిలిండరు వదిలేసి, హార్నెస్ మారెన్నకు తొడిగి, తాడు తగిలించాడు.

"లాగండి!"

అయ్యన్నా మిగతావాళ్ళూ లాగారు. హార్నెస్ చెవులదాకా పోయింది. మారెన్న చేతులు రెండూ పైకి లేచాయి. ఒళ్ళు కిందికి జారింది.

"దించండి! దించండి!" ఏసన్న మారెన్నను మళ్ళీ ఒడిసిపట్టాడు.

పైనుంచి ప్రేమజ్యోతి తొంగిచూసింది. "మంచం కింద ఏం పెట్టొచ్చినావో ఎరుకనా నీకు?"

"ఎరుకే! ముందు ఇసురు!"

"ఇప్పుడు సిగ్గుగా లేదా?"

"నాక్కాదే, మామకు!"

మారెన్న కళ్ళు తెరిచాడు. "గోచీనా? ఇంతమందిలోనా? నేనొప్పను."

"అట్లయితే ఈడే ఉండు మామా."

"కట్టప్పా. బాగా బిగించి కట్టు."

ఈసారి మారెన్న ఊరేగింపు దేవుడిలా నిటారుగా పైకొచ్చాడు. గట్టంతా ఈలలు, చప్పట్లు. తర్వాత ఏసన్న అదే పట్టీ తనకు బిగించుకుని, ఊరి ఆడవాళ్ళందరి ముందూ గోచీతోనే, నవ్వుతూ గట్టెక్కాడు. ఈలలు రెట్టింపయ్యాయి.

సాయంత్రంలోగా వీడియో డోన్ చేరింది. ఆఫీసరు ఫోన్ చేశాడు.

"మొదటిసారి ఎందుకు జారినాడయ్యా?"

ఏసన్న ఉన్నదున్నట్టు చెప్పాడు.

"రేపు నువ్వు పరీక్షకు దిగొద్దు. నా పక్కన నిలబడి, అది ఎట్లా బిగించాల్నో, ఎందుకు బిగించాల్నో మిగతావాళ్ళకు చెప్పు. దళంలో మొదటి పేరు నీదే."

ఆ రోజు నుంచి మారెన్న, తాను బావిలో పడలేదనీ, ఏసన్న ఉద్యోగం కోసం దూకాననీ చెప్పుకుంటున్నాడు.