ముత్తవ్వ మూట ముందే బయల్దేరింది

మంగళవారం సాయంత్రం నాలుగింటికి పడవెక్కాలి, రాత్రంతా సముద్రం మీద పోవాలి, బుధవారం పొద్దున అవతలి దీవిలో దిగాలి. ఊర్మిల అనుకున్నది ఇంతే. పోయేది తెరచాప పడవ. సిరిసిల్ల వంతెన మీంచి మానేరును చూస్తేనే కళ్లు తిరిగే మనిషి, పది నెలల పాపను కొంగుతో నడుముకు కట్టుకుని మరీ ఎక్కడానికి సిద్ధపడింది.

కారణం క్వార్టర్. భర్త మొగిలి మగ్గాలు వదిలి అండమాన్ వచ్చి, ఆ దీవిలో కొబ్బరి తాళ్ల మిల్లులో చేరాడు. బుధవారం పొద్దున కుటుంబం కంటికి కనపడితేనే క్వార్టర్ ఇస్తానని, లేకపోతే ఇంకొకరికి పోతుందని మేస్త్రీ చెప్పాడట. ఐదు నెలలుగా ఇవతలి దీవిలో దూరపు చుట్టం వసారాలో, మేకల పక్కన పాపను పడుకోబెడుతున్న ఊర్మిలకు చూడని క్వార్టర్ తలుపు కలలోకి వస్తోంది.

అత్త ముత్తవ్వ మాత్రం మంగళవారం దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు ఇల్లు కదలకూడదు. తప్పనిసరైతే ముందురోజే ఒక మూటను పోయే దిక్కున ఎవరింట్లోనైనా పెట్టిరావాలి. అప్పుడు ప్రయాణం ముందురోజే మొదలైనట్టు లెక్క. ఆ మూట వెనక్కి రాకూడదు, చేరేదాకా ముడి విప్పకూడదు. సోమవారం తెల్లవారగానే ముత్తవ్వ ఎర్రగుడ్డలో మూట కట్టి, రేవు పక్కనున్న కొట్టు అరుగు మీద పెట్టింది.

ఆ కొట్టు శశిధర్ రావుది. ఆయన కోరుట్ల పక్క ఊరి దొర. అడవిలోని నక్సలైట్ అన్నల బెదిరింపు చీటీ తలుపుకు అంటించిన మర్నాడే బయల్దేరి, రైలు ఆగినచోట ఓడెక్కి, ఓడ ఆగినచోట కొట్టు పెట్టుకున్నాడు. పొద్దున్నే అరుగు మీద ఎర్ర మూట కనిపించింది. గొడుగు మొనతో పొడిస్తే లోపల ఇనుము తగిలింది. మూట ముందుపంపే ఆచారం ఆయనకూ తెలియనిది కాదు. కానీ ఐదేళ్లుగా ఆయనకు భయం తప్ప ఏ ఆచారమూ గుర్తులేదు.

ఇది ఎవరిదని అరిచాడు. రోడ్డు మీంచి ముత్తవ్వ తాపీగా జవాబిచ్చింది.

"గది గట్లనే ఉండనియ్యి దొరా. ముట్టకు, ఇప్పకు. రేపు పడవ యాళ్లకు మేమే అచ్చి తీస్కపోతం."

తన ఊరి వైపు యాస వినగానే దొర రెండడుగులు వెనక్కి జరిగాడు. ఎవరు మీరు, ఎందుకు పెట్టారు అని అడగలేదు. ఆ రోజుల్లో అన్నలు తిరిగే ఆ వైపు మనుషులు అలాంటివి అడిగేవారు కాదు.

మంగళవారం ఊర్మిల రేవుకు వచ్చేసరికి, మూట చుట్టూ తాడు కట్టి ఉంది. బాంబేమోనని ఎవరో రెండు బకెట్ల నీళ్లు కూడా పోశారు. విప్పి చూపిస్తేనే పడవ ఎక్కనిస్తానని పోలీసు తాడు దగ్గరే నిలబడ్డాడు. ముత్తవ్వ వెళ్లి మూట మీద కూర్చుంది. ఇప్పుడే ముడి విప్పి, నడి సముద్రంలో పాపకేమైనా అయితే ఎవరు జవాబుదారీ అని పోలీసునే అడిగింది. ఆయనకు తెలుగు రాదు, ఆమెకు ఇంకేదీ రాదు. అవతల పడవ నడిపే సరంగు తెరచాప ఎత్తి, గాలి పోతోందని అరుస్తున్నాడు. ఆ పడవలోనే, కొట్టు మూసేసి, ట్రంకు పెట్టె ఒళ్లో పెట్టుకుని, శశిధర్ రావు.

ఊర్మిలకు ఒళ్లు మండింది.

"దొరా, మా మూటకు నువ్వు భయపడుడేంది? ఇన్నేండ్లు మిమ్ముల జూసి మేం భయపడ్డది సాలదా?"

అత్తను పక్కకు జరిపి ముడి తానే విప్పింది. తడిసిన బియ్యం, పసుపుకొమ్ము, పాప టోపీ, మగ్గం మీద నూలును అటూ ఇటూ పరిగెత్తించే ఇనుప మొనల నాడె. ఏ ఊరు పోయినా నేత నేసే సాలోళ్ల మూటలో నాడె లేకుండా ఉంటుందా? పోలీసు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వి, పొమ్మన్నాడు. తలెత్తి చూస్తే పడవ పోయింది. మూట పేలుతుందని చెప్పి దొరే తొందర పెట్టాడట.

మళ్లీ పడవ శుక్రవారం. ఆ మూడు రోజులూ ఊర్మిల అత్తను తిట్టింది, దొరను తిట్టింది, రెండు దీవుల మధ్య ఇన్ని నీళ్లెందుకని సముద్రాన్నీ తిట్టింది. శుక్రవారం రాత్రంతా పడవ ఊగినా, దొర కనపడితే అనాల్సిన మాటలు పేర్చుకుంటూ భయపడటం మర్చిపోయింది.

ఒడ్డున మొగిలి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. క్వార్టర్ పోయినా నవ్వొస్తోందా అంటే, పోలేదన్నాడు. బుధవారం పొద్దున పడవలోంచి దిగుతున్న పెద్దమనిషిని, సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లేరని అడిగాడట. ఆయన ఆ మాట వింటూనే రెండు చేతులూ జోడించాడు. అంతలో మేస్త్రీ పుస్తకంతో వచ్చి నీ కుటుంబమేదంటే, మొగిలి నోరు తెరిచేలోపే ఆయన ముందుకొచ్చాడు.

"నేనేనయ్యా. వీళ్ల సిన్నాయినను. ఈయన ఏం జెప్తే గది జేస్త."

మేస్త్రీ తాళంచెవి ఇచ్చేశాడు. ఇక అప్పటినుంచీ నీళ్లు తోడటం, పొయ్యి ముట్టించడం అన్నీ ఆయనే. తాను ఏ అన్ననూ కాదని మొగిలి మూడుసార్లు చెప్పాడు.

"ఎంత జెప్పినా గంతే. 'మీ అన్నలెవ్వరు ఒప్పుకోరు, నాకెరికే' అంటడు."

క్వార్టర్ తలుపు తీసే ఉంది. లోపల శశిధర్ రావు, ధోవతి ఎగ్గట్టి, చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రాత్రంతా పేర్చుకున్న మాటల్లో మొదటిది ఏదో ఊర్మిల వెతుక్కుంటోంది. ముత్తవ్వ ఆమెను దాటుకుని లోపలికి నడిచింది. గదంతా తిరిగి చూసి, గడప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"మూలలకు దుమ్ము గట్లనే ఉంది దొరా. ఇంకోపారి ఊడ్వు."

దొర మళ్లీ ఊడ్చాడు.