ఇసిల్డాగారి కాళ్ళు

లండన్‌లోని మా డెట్‌ఫర్డ్ పేటకు చెందిన శ్రీమతి ఇసిల్డా మెక్కాలాగారి రెండు కాళ్ళనూ జాతి సంపదగా స్వీకరించినట్లు హార్‌గ్రేవ్ చిత్రశాల యాజమాన్యం గత మార్చిలో సగర్వంగా ప్రకటించింది. మిగతా శరీరం గురించి ప్రకటనలో ప్రస్తావన లేదు.

ఇసిల్డాగారికి డెబ్బై తొమ్మిదేళ్ళు. జమైకా నుంచి ఇరవయ్యో ఏట వచ్చి, ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా ఇతరుల కాళ్ళూ చేతులూ చూసుకున్న మనిషి. ఆ కాలంలో ఆవిడ కాళ్ళను ఎవరూ జాతి సంపద అనలేదు. నేను ముప్పై ఏళ్ళుగా ఆవిడ పక్కింట్లో ఉంటున్నాను. బస్సు డ్రైవరుగా పనిచేసి దిగిపోయాను. కళల గురించి నాకు తెలిసింది తక్కువే. అయినా జరిగింది జరిగినట్టు చెప్పగలను.

మా వీధి చివర మర్లీన్ పిన్నక్ అని ఒక చిత్రకారిణి ఉంది. మా పేటలోనే పుట్టి పెరిగిన పిల్ల. ఆమె బొమ్మల్లో అందరూ మా పేట నల్లజాతివాళ్ళే. ఒకాయన భోంచేసి సోఫాలో కునుకు తీస్తుంటాడు. ఒకావిడ కూతురికి జడలు అల్లుతుంటుంది. ఎవరూ ఎవరితోనూ పోరాడరు. ఎవరూ ఏడవరు. డబ్బాలో దొరికే నల్లరంగును మర్లీన్ ముట్టుకోదు. నీలం, గోధుమ, ఎరుపు, ఇంకా ఏవేవో కలిపి, ఎవరి ఒంటి రంగు వాళ్ళకి తెస్తుంది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చిన ఇసిల్డాగారు వంటింట్లో కూర్చుని, పక్కన ఉప్పు డబ్బాతో, ఎర్ర ప్లాస్టిక్ బేసిన్ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. మర్లీన్ అది చూసింది. బొమ్మ మొదలుపెట్టింది. ఒక్క పిక్క రంగుకే పదకొండు రోజులు పట్టింది.

"నా పిక్కకి ఇంత పనుందా తల్లీ? నేను ముఖానికి కూడా ఇంతసేపు రాసుకోను," అన్నారు ఇసిల్డాగారు.

"కదలకండి ఆంటీ. ఎండ పడినచోట కొంచెం ఊదా ఉంది మీకు."

"ఊదానా? పెళ్ళయిన నలభై ఏళ్ళలో మా ఆయన ఒక్కసారీ చెప్పలేదే!"

బొమ్మ పూర్తయింది. హార్‌గ్రేవ్ చిత్రశాల డైరెక్టరు డాక్టర్ పెరెగ్రిన్ హాల్టన్‌గారు స్వయంగా చూడటానికి వచ్చారు. కళ్ళజోడు పెట్టి చూశారు, తీసి చూశారు. తర్వాత, ఇందులో బాధ ఎక్కడుంది అని విచారించారు.

"బాధ లేదండీ. ఆవిడ నవ్వుతోంది," అంది మర్లీన్.

"అదే అంటున్నాను. నవ్వు వెనకాల?"

"వెనకాల ఫ్రిజ్ ఉంది."

డైరెక్టరుగారు దయతో చిరునవ్వు నవ్వారు. తన బొమ్మలో ఏముందో కళాకారిణికి తెలియవలసిన అవసరం లేదనీ, ఆ పనికి తమ దగ్గర ప్రత్యేక సిబ్బంది ఉన్నారనీ సెలవిచ్చారు. ఆ సిబ్బంది మూడు నెలలు శ్రమించి, బొమ్మ పక్కన అంటించడానికి నాలుగు వందల మాటల వివరణ తయారుచేశారు. అందులో బేసిన్ బానిసల ఓడలు దాటిన అట్లాంటిక్ మహాసముద్రం. ఉప్పు తరతరాల కన్నీరు. నవ్వు ఒక ముసుగు. ఫ్రిజ్ ఈ దేశపు చలి.

ప్రారంభోత్సవానికి ఇసిల్డాగారు ఊదారంగు టోపీ పెట్టుకుని వెళ్ళారు. ఇద్దరు పెద్దమనుషులు ఖాళీ గ్లాసులు ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ వాటిని డైరెక్టరుగారి చేతికిచ్చారు. తర్వాత వివరణ అంతా చదివి, బ్యాగులోంచి పెన్ను తీసి, దాని కింద రాశారు: "ఇది గోరువెచ్చటి ఉప్పునీళ్ళు. నా ఆనెకాయలకి."

యాజమాన్యం పోలీసులకు కబురు చేసింది. ఆ కాళ్ళు ఈవిడవేనని తెలిసిన మీదట పోలీసులను వెనక్కి పంపి, ఆ వాక్యాన్ని "గాయపడిన స్మృతి చేసిన సాహసోపేత జోక్యం"గా గుర్తించి, పైన అద్దం బిగించింది. దాన్ని వివరిస్తూ మరో రెండు వందల మాటలు జోడించింది.

ఇంతవరకు అందరూ సంతోషంగానే ఉన్నారు. సెప్టెంబరులో వెరోనా దిగింది.

వెరోనా ఇసిల్డాగారి అక్క. వయసు ఎనభై నాలుగు. ఉండేది జమైకాలోనే, మాండెవిల్ అనే ఊళ్ళో. చెల్లెలు లండన్ నుంచి చెప్పిన ఏ సంగతినీ ఇంతవరకు నమ్మలేదు.

"నీ బొమ్మ గోడకెక్కిందా? మనింటి గోడకే ఎక్కలేదు కదే నీ బొమ్మ!"

"అందుకే పెద్ద గోడ చూసుకున్నా అక్కా. పద, చూపిస్తా."

"చూపించు. గురువారం నా విమానం. ఈ మోకాళ్ళతో మళ్ళీ రాను. అబద్ధమైతే ఊళ్ళో అందరికీ చెప్తా."

బుధవారం నేనే ఇద్దరినీ తీసుకెళ్ళాను. ఇసిల్డాగారు ఆ ఊదా టోపీయే పెట్టుకున్నారు. దారంతా దాన్ని సర్దుకుంటూనే ఉన్నారు. ఆవిడ భయపడటం నేను చూడటం అదే మొదటిసారి.

హాల్లో జనం వరసగా నిలబడి ఉన్నారు. గోడ మీద వివరణ ఉంది. బొమ్మ లేదు.

వెలుతురు తగిలితే రంగు వెలుస్తుందని బొమ్మను నేలమాళిగలో చీకటి గదిలో విశ్రాంతికి పంపారట. ఈ మార్పు వల్ల సందర్శకుల సంఖ్యలో ఏ తగ్గుదలా లేదని కాపలా ఆయన గర్వంగా చెప్పాడు. కావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆరు నెలల్లో జవాబు వస్తుంది. దరఖాస్తులో "చిత్రంతో మీకున్న సంబంధం" అన్నచోట ఇసిల్డాగారు "కాళ్ళు" అని రాశారు. పరిశోధకులకు మాత్రమే ప్రవేశమని అతను కాగితం తిరిగి ఇచ్చేశాడు.

వెరోనా ఖాళీ గోడను చూసింది. చెల్లెలి ముఖం చూసింది. పోదాం పద అన్నట్టు మెల్లగా చెయ్యి పట్టుకుంది. ఆ జాలే ఇసిల్డాగారిని ఎక్కువ నొప్పించిందనుకుంటాను.

ఇసిల్డాగారు గోడ ముందున్న బల్ల మీద కూర్చుని బూట్లు విప్పారు. మేజోళ్ళు లాగేశారు. గౌను మోకాళ్ళ దాకా ఎత్తుకున్నారు.

"ఇదిగో అక్కా, ఇలా కూర్చున్నా. ఈ కాలు ముందుకి. ఎండ ఇటునుంచి. ఇక్కడ ఊదా ఉంటుందట, చూడు."

వెరోనా కళ్ళజోడు సర్దుకుని వంగింది. చాలాసేపు చూసింది. పిక్క మీద వేలు పెట్టింది.

"ఉందే! నిజంగానే ఉంది. అమ్మక్కూడా ఇక్కడే ఉండేది. మరి అంత నవ్వెందుకు నవ్వావట?"

"ఫోనులో నువ్వే కదా చెప్పింది, పాస్టరుగారి టోపీ మేక తినేసిందని!"

"తిని ఊరుకుందా! ఆదివారం చర్చిలోకి వచ్చి మొదటి వరసలో కూర్చుంది!"

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా, బల్ల ఊగేలా నవ్వారు.

వరసలోంచి ఒక పెద్దమనిషి మర్యాదగా దగ్గాడు.

"అమ్మా, కాస్త పక్కకి జరుగుతారా? మీరు అడ్డొస్తున్నారు. బొమ్మ కనబడటం లేదు."

అక్కచెల్లెళ్ళు నవ్వుకుంటూనే బూట్లు చేత్తో పట్టుకుని జరిగారు. వరస ముందుకు కదిలింది. ఎలాగూ వచ్చాను కదా అని నేనూ నిలబడి ఆ ఆరు వందల మాటలూ చదివాను. చాలా బాగా రాశారు. నా కళ్ళు చెమర్చాయి. ముప్పై ఏళ్ళు పక్కింట్లో ఉండి కూడా, ఆవిడ ఇంత దుఃఖంలో ఉన్నారని నాకు తెలియనే లేదు.