అత్తగారి గ్రీజు

లిఫ్ట్ మెకానిక్ ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా ఎనిమిదంతస్తుల ఆఫీసు భవనానికి వెళ్లాలి. నెలరోజులుగా కీచుమంటున్న లిఫ్ట్ తలుపులకు గ్రీజు పూయాలి. పదింటికి తనిఖీ అధికారి వచ్చి సంతకం పెట్టగానే ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని పడుకోవాలి. మూడు రోజులుగా జలుబు. ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయి, కాఫీకీ కిరసనాయిలుకీ తేడా తెలియడం లేదు. సెలవు పెట్టమని చెప్పి చెప్పి విసిగిన భార్య తన ఉద్యోగానికి తాను వెళ్లిపోయింది. సెలవు పెట్టే వీలు అతనికి లేదు. ఈసారి తనిఖీలో లిఫ్ట్ తప్పితే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తానని భవనం మేనేజరు ముందే చెప్పి ఉంచాడు. అతని చేతిలో ఉన్న పెద్ద పని అదొక్కటే.

వాళ్ల వంటింటి అలమరలో కింది అర అత్తగారిది. పంది మాంసం వేయించాక బాణలిలో మిగిలిన కొవ్వును ఆవిడ ఒక్క చుక్క కూడా పారబోయదు. కాస్త చల్లారనిచ్చి, పల్చటి గుడ్డలో వడకట్టి, డబ్బాలో పోసి మూత బిగిస్తుంది. కోడి కొవ్వుకు వేరే డబ్బా. సింకులో పోస్తే అది పైపులో గడ్డకట్టి కూర్చుంటుందని, అదేదో అలమరలోనే కూర్చుంటే నాలుగు పనులకు వస్తుందని ఆవిడ వాదన. దాంతోనే బంగాళాదుంపలు వేయిస్తుంది, ఇనప పెనం తుప్పు పట్టకుండా తుడుస్తుంది, పగిలిన మడమలకు రాసుకుంటుంది, అల్లుడి బూట్లకు కూడా పట్టిస్తుంది.

అల్లుడు ఆ అరను పల్లెత్తు మాట అనడు. మూడేళ్ల కిందట నిచ్చెన మీంచి పడి అతను ఆర్నెల్లు మంచాన ఉన్నప్పుడు, ఉత్త దుంపలతో రోజుకో రుచి చేసి ఇంటిల్లిపాదికీ కడుపునిండా పెట్టింది ఆవిడే. ఆ కృతజ్ఞతతోనే ఈ మధ్య బిగుతు మూతల స్టీలు డబ్బాలు ఆరు కొన్నాడు. నాలుగు ఆవిడకిచ్చి, రెండింట్లో తన గ్రీజు పెట్టుకున్నాడు. ఆరూ కవల పిల్లల్లా ఉన్నాయి. పైగా అతను వాడేది తెల్ల గ్రీజు. ఆ పొద్దున అతని డబ్బా వంటింటి బల్ల మీద ఉంది. మధ్యాహ్నానికి దుంపలు వేయిద్దామని అత్తగారు తన డబ్బా తీసి దాని పక్కనే పెట్టింది. అతను వరసగా మూడు తుమ్ములు తుమ్మి, చేతికందింది సంచిలో వేసుకున్నాడు.

భవనంలో పని చకచకా సాగింది. ఎనిమిది అంతస్తుల్లోనూ తలుపులు జారే గాడులకు దట్టంగా పూశాడు. లిఫ్ట్ పైకెక్కి తలుపు నడిపే చిన్న మోటారు గొలుసుకూ పట్టించాడు. తలుపులు వెన్న రాసినట్టు జారాయి. గ్రీజు కాస్త పలుకుగా అనిపించినా, చలికి గడ్డకట్టి ఉంటుందనుకున్నాడు.

తొమ్మిదికి ఆఫీసుల వాళ్లు రావడం మొదలైంది. తలుపులు వందసార్లు తెరుచుకుని మూసుకునేసరికి మోటారు వేడెక్కింది. గొలుసుకున్న కొవ్వు కరిగింది. లిఫ్ట్‌లో కమ్మటి వేపుడు వాసన లేచింది. ఐదో అంతస్తు వాళ్లు మూడో అంతస్తులో తమను పిలవకుండా విందు చేసుకుంటున్నారని అనుకున్నారు. మూడో అంతస్తు వాళ్లు ఐదో అంతస్తు గురించి అదే అనుకున్నారు. రెండు జట్లూ ఒకరి గది ఒకరు తొంగి చూసుకుని, ఏమీ కనబడక, దాచేశారని తేల్చుకున్నాయి. వంట నిషేధమని ప్రతి గోడకూ కాగితం అంటించిన మేనేజరు గది గదికీ తిరిగి, ఎవరి దగ్గరో బల్ల కింద నీళ్లు కాచుకునే పాత్ర ఒకటి పట్టుకుని, అందులో పంది మాంసం ఎలా వేయించారో చెప్పమని నిలదీశాడు.

మెకానిక్ అప్పటికి పైకప్పు మీద యంత్రాల గదిలో ఉన్నాడు. సరిగ్గా పదింటికి అధికారి వచ్చి లిఫ్ట్ ఎక్కాడు. అదే క్షణాన మేనేజరు ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, లిఫ్ట్‌లోంచి ఏదో వేగుతున్న వాసన వస్తోంది. నీకు రావట్లేదా?"

మెకానిక్ గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ రాలేదు. జలుబు పట్టిన ముక్కును అతను నమ్మలేకపోయాడు. వేగుతోందంటే మోటారు కాలుతోందనే అతని వృత్తిలో అర్థం. రెండో ఆలోచన లేకుండా మెయిన్ స్విచ్ కట్టేశాడు. లిఫ్ట్ మూడుకూ నాలుగుకూ మధ్య ఆగిపోయింది.

"లోపల అధికారి ఉన్నాడయ్యా," అన్నాడు మేనేజరు నీరసంగా.

అంతలో ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి అత్తగారు.

"బాబూ, పెనంలో వేద్దామని డబ్బా తీస్తే మీ గ్రీజు వాసన కొట్టింది. నా డబ్బా మీరు గానీ పట్టుకెళ్లారా?"

మెకానిక్ గబగబా సంచి విప్పాడు. సంచిలోని డబ్బాను దీపం కింద పెట్టి చూస్తే, తెల్లటి కొవ్వులో గుడ్డలోంచి జారిపోయిన గోధుమ రంగు మాంసం పలుకులు కనిపించాయి. ఏం జరిగిందో చెప్పాడు.  ఆవిడ, తాను వస్తున్నానని, కంగారు పడి ఇంకేమీ పూయవద్దని చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఇక అధికారిని దించాలి. కరెంటు లేనప్పుడు లిఫ్ట్‌ను చేతిచక్రం తిప్పుతూ మెల్లగా కిందిదాకా దించుతారు. చెమటలు కక్కుతూ తిప్పాడు. మొదటి అంతస్తు దాటబోతుండగా ఆపమని మేనేజరు ఫోన్‌లో చెప్పాడు. లిఫ్ట్ అడుగున పిల్లి అరుస్తోందని లోపలున్న అధికారి కేకలేస్తున్నాడట. వాసన పట్టుకుని వచ్చిన పిల్లి ఒకటి, నేలమాళిగలో చిరిగిన జాలీలోంచి లిఫ్ట్ దారి అడుగునున్న గుంటలోకి దూరింది. లిఫ్ట్ అడుగుదాకా దిగి ఉంటే దాని పని అయిపోయేదే.

మెకానిక్ పైకప్పు నుంచి పరుగున దిగొచ్చి, అధికారిని మొదటి అంతస్తులోనే దింపాడు. నలభై నిమిషాలు వేపుడు వాసనలో నిలబడ్డ మనిషి ముఖం ఎలా ఉంటుందోనని మెకానిక్ తల ఎత్తలేదు. ఆయన టార్చిలైటు తీసుకుని గుంట దగ్గరికి నడిచాడు. మెకానిక్ లోపలికి దిగి పిల్లిని చంకన పెట్టుకుని పైకి చూశాడు. లిఫ్ట్ అడుగు నుంచి వేలాడే తీగల కట్టను ఎలుకలు కొరికేశాయి. రాగి జానెడు మేర బయటపడి, ఇనప చట్రానికి వెంట్రుకవాసి దూరంలో ఊగుతోంది.

"ఇది తగిలి ఉంటే?" అన్నాడు మేనేజరు.

"లిఫ్ట్‌కే కరెంటు పాకేది. నేను లోపల ఉండేవాణ్ణి," అన్నాడు అధికారి. తర్వాత మెకానిక్ వైపు తిరిగాడు. "నువ్వు సరైన సమయానికి కట్టేశావు. ఇంతకీ తలుపులకు ఏం పూశావు?"

అబద్ధం ఆడితే నెగ్గుకురావచ్చని మెకానిక్‌కు తెలుసు. పిల్లి అతని వేళ్లు నాకుతోంది. ఉన్నదంతా చెప్పేశాడు, డబ్బాలు కొన్న దగ్గర్నుంచి.

మేనేజరు ముక్కున వేలేసుకున్నాడు. అధికారి మాత్రం మెట్ల మీద కూర్చుండిపోయాడు. వాళ్లమ్మ కూడా పొయ్యి పక్కన అలాంటి డబ్బా పెట్టుకునేదట. ఆవిడ పోయి ముప్ఫై ఏళ్లయింది. లిఫ్ట్ ఆగగానే మొదట భయం వేసిందనీ, తర్వాత ఆ వాసన పీలుస్తూ ఉంటే ఎవరూ తొందరగా రాకపోయినా బాగుండుననిపించిందనీ చెప్పాడు.

అంతలో అత్తగారు బస్సు దిగి వచ్చింది. ఒక చేతిలో అసలు గ్రీజు, ఇంకో చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు, భుజాన పాత గుడ్డలు. వస్తూనే మోకాళ్ల మీద కూర్చుని మొదటి గాడి తుడవడం మొదలుపెట్టింది. మెకానిక్ పక్కన చేరి గుడ్డ అందుకున్నాడు.

"తప్పు నాదే బాబూ. డబ్బా మీద గుర్తు పెట్టుకోవాల్సింది," అందావిడ.

"మీ డబ్బా రాకపోతే ఈ పిల్లి వచ్చేది కాదు, నేను గుంటలోకి దిగేవాణ్ణి కాదు అత్తయ్యా. ఆ తీగ ఎవరి ప్రాణమో తీసేది. ఆర్నెల్లు నాకు అన్నం పెట్టారు, ఇవాళ పని నిలబెట్టారు," అన్నాడతను. అతను ముక్కు తుడుచుకుంటే జలుబు వల్లేనని ఆవిడ అనుకుంది. అతనూ కాదనలేదు.

తీగలు మార్చేదాకా లిఫ్ట్ నడపకూడదని అధికారి తేల్చాడు. ఆ మార్చే పని ఈ మెకానిక్‌తోనే చేయిస్తానని మేనేజరు తనంత తానే అన్నాడు. అధికారి అత్తగారికి నమస్కారం పెట్టి, మెట్ల మీదే కూర్చుని తనిఖీ పత్రం నింపాడు. తలుపులకు వాడిన కందెన ఏ రకమో రాయాల్సిన గడి దగ్గర కలం కాసేపు ఆగింది. ఆఖరికి 'ఇంట్లో చేసినది, నాణ్యత సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాడు.