కసిమీరో చిన్నాన్న సీటు

సోమవారం పొద్దున వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫెర్మీన్ శనివారం ప్రయాణానికి పథకం రాస్తున్నాడు. మార్తోస్‌లో ఎనిమిది గంటల బస్సు. మధ్యాహ్నానికి సెవిల్. అక్కడ త్రియానా పేటలో గది. సాయంత్రం ఏటి ఒడ్డున వేయించిన చేపలు, అది భార్య ఎంకార్నా కోసం. ఆదివారం రెండింటికి ఫుట్‌బాల్ మ్యాచ్, అది తన కోసం. చేపల కింద ఒక గీత గీశాడు. మ్యాచ్ కింద మూడు గీతలు గీశాడు.

"నాకు ఒక్క గీతేనా?" అంది ఎంకార్నా, రొట్టె మీద టమాటా రుద్దుతూ.

"చేపలు ఎక్కడికి పోతాయి?"

"పోయినసారీ ఇదే అన్నావు. నువ్వు లోపల గొంతు చించుకుంటుంటే నేను బయట బెంచీ మీద రెండు గంటలు పావురాలతో కూర్చున్నాను. ఏ పావురం ఎవరి పెళ్ళామో కూడా చెప్పగలను ఇప్పుడు."

"ఉన్నది ఒక్క సీటు. ఏం చెయ్యను?"

నిజానికి ఆ ఒక్క సీటు కూడా ఫెర్మీన్‌ది కాదు. అతని చిన్నాన్న కసిమీరోది. కసిమీరో సెవిల్‌లో పుట్టిన రోజున తండ్రి చర్చికి పోకముందే క్లబ్బు ఆఫీసుకి పోయి పిల్లాడి పేరు సభ్యుల్లో రాయించాడు. దేవుడికి తరవాత చెప్పుకోవచ్చు, ఆయన దగ్గర వెయిటింగ్ లిస్టు ఉండదు. కసిమీరో పెళ్ళి చేసుకోలేదు. పెద్దయ్యాక మార్తోస్‌లో అన్నగారింట్లోనే ఉండిపోయి, తొమ్మిదేళ్ళ కిందట అరవై ఆరేళ్ళకి పోయాడు. క్లబ్బు రూలేమో సభ్యుడు పోతే సీటు భార్యకో పిల్లలకో ఇస్తామంటుంది. అన్న కొడుకు ఏ లెక్కలోనూ లేడు. వానలో తడిసి, నాలుగు గోల్సు తిని, బస్సులో ముక్కు చీదుకుంటూ ఇంటికొచ్చినవాడెవడూ ఇలాంటి రూలు రాయడు. చల్లటి గదిలో, మెత్తటి కుర్చీలో కూర్చున్నవాడు రాస్తాడు. అందుకని ఫెర్మీన్ ఏ నేరమూ చెయ్యలేదు. చిన్నాన్న పోయిన సంగతి క్లబ్బుకి చెప్పలేదు, అంతే. గేటు దగ్గర మిషన్‌కి కార్డు చూపిస్తే పచ్చ దీపం వెలిగేది. కార్డు మనిషి బతికున్నాడా అని మిషన్ ఏనాడూ అడగలేదు.

ఫోను మోగింది.

"దోన్ కసిమీరో గారి ఇల్లేనాండీ? క్లబ్బు ఆఫీసు నుంచి లూర్దెస్‌ని మాట్లాడుతున్నాను."

ఫెర్మీన్ చేతిలో పెన్ను కాఫీలో పడింది.

"ఆయన... స్నానం చేస్తున్నారు."

"పర్లేదండీ, లైన్లోనే ఉంటాను."

"చాలాసేపు చేస్తారు."

"ఎవరికోసం?" అని అరిచింది ఎంకార్నా పొయ్యి దగ్గర్నుంచి. ఫెర్మీన్ ఫోను చేత్తో మూసి, "చిన్నాన్న కోసం" అని గుసగుసలాడాడు. మూయవలసిన వైపు కాకుండా రెండో వైపు మూశాడు.

"చిన్నాన్న కోసమా? శ్మశానంలో ఉన్నాడని చెప్పు!"

"స్నానమన్నారు కదండీ... శ్మశానమా?"

"స్నానం చేసి శ్మశానానికి వెళ్ళారు" అన్నాడు ఫెర్మీన్. "పువ్వులు పెట్టడానికి."

"అయ్యో! ఎవరు పోయారండీ?"

"ఆయన భార్య."

"అయ్యయ్యో. ఆవిడ పేరు?"

జన్మలో పెళ్ళాడని మనిషికి అప్పటికప్పుడు పెళ్ళాం పేరు కావాలంటే ఎక్కణ్ణించి తెస్తాడు? ఎదురుగా రొట్టె కోసే కత్తి పట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. "ఎంకార్నా" అన్నాడు.

లూర్దెస్ అసలు సంగతి అప్పుడు చెప్పింది. దోన్ కసిమీరోకి క్లబ్బు సభ్యత్వం వచ్చి డెబ్బై అయిదేళ్ళు నిండాయి. ఆదివారం మ్యాచ్‌కి ముందు మైదానం మధ్యలో ప్రెసిడెంట్ స్వయంగా బంగారు బిళ్ళ తగిలిస్తారు.

"ఆయనకి ఆరోగ్యం అంత బాగా లేదండీ. అసలు బాగా లేదు."

"అయితే ఏం ఇబ్బంది లేదు. ప్రెసిడెంట్ గారే మీ ఇంటికొచ్చి తగిలిస్తారు. ఫోటోగ్రాఫర్‌తో."

"వస్తారు! చిన్నాన్నే వస్తారు! ఆదివారానికి కోలుకుంటారు!"

"సంతోషం. ఇంకో మాట. పాపం దోన్యా ఎంకార్నా గారి కోసం స్టేడియంలో ఒక నిమిషం మౌనం పాటిద్దాం. నేను ప్రెసిడెంట్ గారికి చెప్తాను."

ఫెర్మీన్ ఫోను పెట్టేశాడు.

"ఎవరు పోయారంటున్నావు?" అంది ఎంకార్నా.

"నువ్వే."

కసిమీరో పోయాడని తెలిస్తే సీటు ఆ నిమిషమే పోతుంది. కాబట్టి ఆదివారానికి డెబ్బై అయిదేళ్ళ మనిషి ఒకడు కావాలి. మార్తోస్‌లో ఆ వయసువాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఒకడికి మోకాళ్ళు లేవు, ఒకడికి చెవులు లేవు, ఒకడికి అబద్ధమాడితే వాంతులవుతాయి. మిగిలినవాడు బౌదీలియో. రిటైరైన పోస్ట్‌మాన్. మోకాళ్ళు, చెవులు, నోరు అన్నీ భేషుగ్గా ఉన్నాయి. చిక్కు ఒక్కటే. అతను సెవిల్‌లోని రెండో క్లబ్బు మనిషి.

"అబ్బాయ్, నేనెవరి మనిషినో తెలిసే అడుగుతున్నావా?" అన్నాడు బౌదీలియో, బారులో తన మూల బల్ల దగ్గర.

"తెలుసు బాబాయ్."

"ఆ గడ్డి మీద కాలు పెడితే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి చెప్పు తీసుకుంటుంది."

"ఐదు నిమిషాలే బాబాయ్. బిళ్ళ తగిలించుకుని వచ్చెయ్యడమే."

బౌదీలియో గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. నలభై ఏళ్ళపాటు ప్రతి సోమవారం ఈ బల్ల దగ్గరే అతనూ కసిమీరో తిట్టుకునేవాళ్ళు. కసిమీరో పోయాక సోమవారాలు చప్పబడిపోయాయి. ఆ క్లబ్బువాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు, కానీ వాళ్ళు ఓడిపోతే "బాగా ఆడారు" అనే రకం. అలాంటివాళ్ళతో ఏం బతుకుతాం?

"వాడిలా మాట్లాడాలంటే నన్ను నేనే తిట్టుకోవాలి కదరా."

"అవును బాబాయ్."

"వాడు బాగా తిట్టేవాడు వెధవ" అన్నాడు బౌదీలియో. గ్లాసు ఖాళీ చేసి, "వస్తాను. కానీ మీవాళ్ళు గోల్ కొడితే మాత్రం లేవను" అన్నాడు.

బుధవారం క్లబ్బు ప్రకటన పేపర్లో పడింది. మార్తోస్ వాస్తవ్యులు దోన్ కసిమీరో గారి సతీమణి దోన్యా ఎంకార్నా మృతికి సంతాపం. ఊళ్ళో సగంమంది ఎంకార్నా పోయిందనుకున్నారు. ఆమెను పొద్దున్నే రొట్టెల కొట్లో చూసిన మిగతా సగంమంది ఇంకా ఘోరమైన సంగతి ఊహించుకున్నారు. పదకొండు గంటలకల్లా ఆమె అక్క రెమెదియోస్ నల్లబట్టల్లో, ఒక గిన్నెడు శనగల కూరతో దిగింది. చెల్లెల్ని చూసి గిన్నె కింద పెట్టింది.

"బతికే ఉన్నావా? అయితే చెప్పు. ఆ ముసలాణ్ణి ఎప్పుడు కట్టుకున్నావే?"

"ఏ ముసలాణ్ణి?"

"మీ ఆయన చిన్నాన్నని! ఫెర్మీన్ ఉండగానా? సిగ్గులేదూ? కనీసం నాకైనా చెప్పలేదు!"

గురువారం క్లబ్బు వాళ్ళ పూలచక్రం వచ్చింది, బండి చక్రమంత. తెచ్చినవాడు సంతకం కావాలన్నాడు.

"కుటుంబం వాళ్ళే పెట్టాలండీ. చనిపోయినావిడకి మీరేమవుతారు?"

"చాలా దగ్గరదాన్ని" అని సంతకం పెట్టింది ఎంకార్నా. ఆ సాయంత్రం పాద్రీ ఇంటికొచ్చి, తను జరిపించని పెళ్ళి గురించీ, తను జరిపించని అంత్యక్రియల గురించీ చాలా మర్యాదగా అడిగాడు. ఫెర్మీన్ నిజం చెప్పబోయాడు. సీటు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. అదే సీటు కోసం శుక్రవారం రాత్రంతా బౌదీలియోకి నలభై ఏళ్ళ పాత గోల్సు వల్లె వేయించబోతే, ఆయన అవన్నీ తేదీలతో సహా ఎదురు చెప్పాడు. పగవాడికి గుర్తున్నంతగా అభిమానికి గుర్తుండవు.

ఆదివారం మైదానం మధ్యలో చిన్న వేదిక మీద బౌదీలియో కసిమీరో కోటు వేసుకుని నిలబడ్డాడు. ఫెర్మీన్‌కీ ఎంకార్నాకీ ఆ ఒక్కరోజుకి అతిథుల పాసులిచ్చారు. ఎంకార్నా మొట్టమొదటిసారి గేటు లోపలికొచ్చి, పచ్చిక వంకా జనం వంకా నోరు తెరిచి చూస్తోంది. అంతలో మైకులో ఆమె పేరు చదివారు. నలభై వేలమంది లేచి నిలబడ్డారు. ఎంకార్నా కూడా లేచింది, కూర్చుంటే బాగుండదని.

"పాపం, ఎలాంటి మనిషో" అంది పక్కనావిడ కళ్ళొత్తుకుంటూ.

"బంగారంలాంటి మనిషి" అంది ఎంకార్నా. "మొగుడే ఒట్టి దద్దమ్మ."

నలభై వేల గొంతులు ఒక్కసారి ఆగిపోతే చెవుల్లో గాలి కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడులో బౌదీలియోకి ఒక సంగతి తట్టింది. కసిమీరో పుట్టినప్పటినుంచీ ఈ క్లబ్బువాడు. పోయినప్పుడు ఇక్కడ ఒక్కరూ లేచి నిలబడలేదు. ఎందుకంటే ఎవరికీ చెప్పలేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ కోసం దాచిపెట్టారు. బౌదీలియో భుజాలు అదిరాయి. అక్కడున్నవాళ్ళు పెళ్ళాం కోసమనుకున్నారు. ప్రెసిడెంట్ కూడా ఏడ్చాడు, కెమెరా అటువైపు తిరిగాక.

బిళ్ళ తగిలించి మైకు చేతికిచ్చారు. థాంక్స్ చెప్పి దిగిపోవాలని ఒప్పందం. బౌదీలియో మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"మా ఊళ్ళో బౌదీలియో అని ఒకడున్నాడు" అన్నాడు. "అవతలి క్లబ్బువాడు. పోస్ట్‌మాన్. వాడి క్లబ్బు కప్పు గెలిచిందన్న ఉత్తరం వాడి సంచీలోనే ఇంకా ఉంది, దార్లో ఎక్కడో చిరునామా దొరక్క! కప్పు ఎలా ఉంటుందిరా అని అడిగితే కాఫీ కప్పు చూపిస్తాడు!"

స్టేడియం కూలిపోతుందేమో అన్నంత నవ్వు. బౌదీలియో జన్మలో తన మాటకి ఇంతమంది నవ్వలేదు. కసిమీరో నలభై ఏళ్ళు తనని తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే తీశాడు. పన్నెండు నిమిషాలు తీశాడు. మ్యాచ్ ఆలస్యమైంది, రెఫరీ కూడా నవ్వుతున్నాడు. కొన్ని తిట్లకి బౌదీలియోకే రోషం వచ్చి, ఆవేశంలో ఇంకా బాగా తిట్టాడు.

దిగి రాగానే లూర్దెస్ చెయ్యి పట్టుకుని టేబుల్ దగ్గరికి తీసుకుపోయింది. "మీ ఫోటో మా రికార్డుల్లో ఉయ్యాల్లో ఉన్నదే ఉంది దోన్ కసిమీరో! ఇలా చూడండి. బొటనవేలు ఇక్కడ పెట్టండి. అయిపోయింది." అది దూరంనుంచి చూసి ఫెర్మీన్ చప్పట్లు కొట్టాడు. సీటు నిలబడింది కదా అనుకున్నాడు. మ్యాచ్ ఎనభై ఎనిమిదో నిమిషంలో కసిమీరో క్లబ్బు గోల్ కొడితే అందరికన్నా ముందు లేచి కుర్చీ ఎక్కినవాడు బౌదీలియో.

రెండు వారాల తరవాత మళ్ళీ మ్యాచ్. ఫెర్మీన్ ఒక్కడే వెళ్ళి గేటు దగ్గర కార్డు పెట్టాడు. ఎర్ర దీపం. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే. పాత కార్డులు రద్దయ్యాయనీ, ఇకనుంచి కొత్త కార్డు, బొటనవేలు రెండూ ఉండాలనీ గేటువాడు చెప్పాడు. అప్పుడే వెనక నుంచి "జరుగు అబ్బాయ్, లైను ఆగిపోయింది" అన్న గొంతు వినిపించింది. బౌదీలియో. మెడలో క్లబ్బు కండువా. పక్కన ఎంకార్నా, ఆమె మెడలోనూ కండువా. అక్కతో కలిసి ఊరెళ్తున్నానని చెప్పిన ఎంకార్నా.

"బాబాయ్, నా సీటు!"

"నీదెక్కడిదిరా? కసిమీరోది."

"నువ్వు కసిమీరోవి కాదు!"

"మెల్లిగా. క్లబ్బుకి నేనే. ఏం చెయ్యమంటావు, వేలు కోసివ్వమంటావా?"

"మరి ఇదెలా వచ్చింది?" అన్నాడు ఫెర్మీన్ ఎంకార్నా వైపు వేలు చూపిస్తూ.

"పెళ్ళాం పోయిన మనిషి ఒంటరిగా కూర్చోకూడదని పక్క సీటు కూడా ఇచ్చారు" అంది ఎంకార్నా. "ఇంటి మనిషిని తోడు తెచ్చుకోవచ్చట."

"అయితే నేను కూర్చుంటాను! నేను ఇంటి మనిషిని కానా?"

"ఫెర్మీన్, అది నా చావుకి ఇచ్చిన సీటు. నేను కూర్చుంటాను."

ఇద్దరూ కొత్త కార్డులు చూపించి బొటనవేలు పెట్టారు. రెండుసార్లు పచ్చ దీపం వెలిగింది.

ఫెర్మీన్‌కి ఇక దాచేందుకు ఏమీ మిగలలేదు. మంగళవారం పనికి సెలవు పెట్టి, కసిమీరో మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని సెవిల్‌లో క్లబ్బు ఆఫీసుకి పోయాడు. లూర్దెస్ బల్ల మీద పెట్టాడు.

"మా చిన్నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. ఇదిగో మున్సిపాలిటీ ముద్ర. మీ దగ్గరికొచ్చేవాడు వేరే మనిషి."

లూర్దెస్ పత్రం చూసింది. అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం కన్నా జాలి ఎక్కువ ఉంది.

"ఈ సీజన్‌లో ఇది నాలుగోదండీ" అంది. "సీటు కోసం బతికున్న ముసలివాళ్ళని చంపేస్తున్నారు. ఒకాయన మావగారి తద్దినం భోజనం బిల్లు కూడా తెచ్చాడు. మావగారు ఫోనెత్తి హలో అన్నారు."

"ఇది నిజమైన పత్రం!"

"దోన్ కసిమీరో గారు మొన్ననే చెప్పారు. అన్న కొడుకు మంచివాడే, వాళ్ళ పిన్ని పోయిన దగ్గర్నుంచీ మతి కాస్త చెదిరింది, వస్తే కాఫీ ఇచ్చి పంపించమ్మా అన్నారు."

కాఫీ ఇచ్చింది. ఫెర్మీన్ తాగాడు. వేరే దారి లేక కొత్త సభ్యత్వానికి దరఖాస్తు అడిగితే కాగితం ఇచ్చింది, పెన్ను కూడా ఇచ్చింది. వెయిటింగ్ లిస్టులో అతనికి వచ్చిన నంబరు పదిహేడు వేల మూడు వందల పన్నెండు, కాస్త ఓపిక పట్టమన్నారు.