మిద్దె మీద కండువా

పొద్దున ఆరింటికల్లా మహానందికి బయల్దేరి, కోనేట్లో మునిగి, దర్శనం చేసుకుని మధ్యాహ్నానికి తిరిగి కర్నూలు చేరాలని కేశవయ్య పథకం. సాయంత్రం మార్కెట్ యార్డు పదవుల జాబితా వస్తుంది. చైర్మన్ గిరీ మీద ఆశ లేదు. డైరెక్టర్లలో చిట్టచివరి పేరైనా తనదైతే చాలు. ఇరవై రెండేళ్ళలో మూడు పార్టీలు మారితే అతనికి దక్కినవి మూడు కండువాలే.

పట్టుచీర కోసం భార్య ప్రమీలమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. లోపల ముక్కవాసన. పైనున్న నాలుగు బట్టలు తీసి మిద్దె మీద తీగకు ఆరేసి, గాలికి పోకుండా క్లిప్పులు పెట్టి వచ్చింది. వాటిలో మొగుడి పాత పార్టీ కండువా ఒకటి. ఆమె లెక్కన అదీ గుడ్డే.

"దర్శనమయ్యేదాకా ఆ ఫోను ఆపండి. దేవుని ముందర గూడా హలో అంటారు మీరు," అంది కారెక్కుతూ. కేశవయ్య ఆపేశాడు.

పదకొండున్నరకు గుడి బయట ఫోను తెరిస్తే అరవై నాలుగు మిస్డ్ కాల్స్. అరవై అయిదోది అప్పుడే మోగింది. అనుచరుడు సుధీర్.

"అన్నా, యాడుండావన్నా? మాకొక్క మాట చెప్పేది లేదా?"

"ఏం చెప్పాలప్పా?"

"మిద్దె మీద పాత కండువా ఎగరేసినావు. ఫోను ఆపేసినావు. పార్టీ మారతాండావని ఊరంతా ఫొటో తిరుగుతాండాది. ఆ పార్టీవోళ్ళు పూలదండ పట్టుకుని మీ సందులో నిలబడుండారు. మనోళ్ళు నీ ఫ్లెక్సీ పీకేసినారు. నేనూ ఒక చెయ్యి వేసినాలే, ఏమనుకోవద్దు."

ఎదుటి పార్టీవాళ్ళింట్లో ఒక్క కప్పు టీ తాగినందుకు తోటి కార్యకర్త ఏసుబాబు ఏమయ్యాడో కేశవయ్యకు తెలుసు. మొదట ఫ్లెక్సీలో ఫొటో పోయింది, తర్వాత వీధిలో పలకరింపు పోయింది. ఇప్పుడు బనగానపల్లెలో బావమరిది ఇంట్లో ఉంటున్నాడు.

"ఎంతపని చేస్తివే!"

"పెట్టెలోకి కలరా ఉండలు తెమ్మని నాలుగు నెలల్నించి చెప్తాండా. తెచ్చినారా?" అంది ప్రమీలమ్మ.

నంద్యాల దాటాక సుధీర్ మళ్ళీ చేశాడు. "అన్నా, దేవేంద్రప్ప వచ్చినాడు. మీ గేటు ముందర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నవ్వుతాండాడు."

దేవేంద్రప్ప నియోజకవర్గ ఇన్‌చార్జి. అతను తిడితే బతకొచ్చు, నవ్వితేనే కష్టమని పార్టీలో అందరికీ తెలుసు. మిగతా దారంతా కేశవయ్య తడిగుడ్డల సంచిని గుండెకు హత్తుకుని కూర్చున్నాడు.

"రాప్పా కేశవయ్యా," దేవేంద్రప్ప గేటు ముందర కుర్చీలోంచి లేచి, నవ్వుతూనే అతని వెనకాలే హాల్లోకొచ్చి కూర్చున్నాడు. "దర్శనం బాగా అయ్యిందా?"

కలరా ఉండల సంగతి చెప్పేద్దామని కేశవయ్య నోరు తెరిచాడు. ఆ నవ్వు చూసి దిక్కుతోచక, కండువా ఉన్న పైకప్పు వైపు చూశాడు.

"తెలుసులేప్పా, అలిగినావు. జాబితాలో నీ పేరు లేదని ఎవరో ముందే ఊదినారు నీకు. పోనీ, డైరెక్టరు తీసుకో."

జాబితాలో పేరే లేదన్న మాటకు కేశవయ్య చూపు పైకప్పు మీంచి దిగలేదు.

"చాలదా? వైస్ చైర్మన్."

ప్రమీలమ్మ ఇచ్చిన మజ్జిగ గ్లాసు చేయి జారి ఠంగుమని బల్ల మీద పడింది.

"అంత కోపమెందుకప్పా!" దేవేంద్రప్ప నవ్వు ఆగిపోయింది. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "ఈ నెలలో ఇప్పటికే ముగ్గురు అవతలి పార్టీకి పోయినారు. నువ్వు నాలుగోవాడివైతే పైనోళ్ళు నన్నుంచుతారా?"

జేబులోంచి కాగితం తీసి, మొదటి పేరు కొట్టేశాడు. అది అతని సొంత బావమరిది పేరు. దాని మీద కేశవయ్య పేరు రాశాడు. "చైర్మన్ నువ్వే. అమ్మా, నీకు దండం పెడతా, ఆ గుడ్డ దింపు."

ప్రమీలమ్మ మిద్దెక్కి కండువా దింపి, మడిచి, పెట్టె అడుగున పెట్టింది. ఎన్నికల టికెట్లిచ్చే నెలలో దాన్ని మళ్ళీ ఎండకు వెయ్యాలని క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని, కలరా ఉండలు ఇంక తేనక్కర్లేదని మొగుడితో చెప్పింది.