జీపుకు ఆత్మీయ సిద్ధపాటు

దేవుడు ఎవరినైనా, ఎప్పుడైనా, ఎక్కడైనా వాడుకోవచ్చు. కాకపోతే మా పలాస సంఘం తరఫున వాడుకోవాలంటే మాత్రం నలభై రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి.

2003లో డొంకూరుకు సువార్త యాత్ర తలపెట్టినప్పుడు పుట్టిన నిబంధన ఇది. డొంకూరు ఇచ్ఛాపురం అవతల సముద్రం ఒడ్డున ఉన్న చేపల వేటగాళ్ళ ఊరు. జీపులో రెండు గంటలు. ఆ రెండు గంటల ప్రయాణానికి మా ఆత్మలు తయారుగా లేవని పెద్దలు కనిపెట్టి, ఆత్మీయ సిద్ధపాటు పరిశీలనా ఉపసంఘం వేశారు. కార్యదర్శి యువరాజు గారు. ఆయనకు బైబిలు మీద కంటే రబ్బరు స్టాంపు మీద పట్టు ఎక్కువ.

వెళ్ళే ప్రతి మనిషీ పద్నాలుగు గడుల పత్రం నింపాలి. ప్రార్థన గంటల్లో చూపించాలి. మోకాళ్ళ మీద ఉండగా నిద్రపోతే సగమే లెక్క. ఉపవాసంలో టీ తాగొచ్చు, బిస్కెట్టు ముంచకూడదు. ముంచిన బిస్కెట్టు విరిగి గ్లాసులో పడిపోతే అది టీ అవుతుందా, తిండి అవుతుందా అన్న దాని మీద ఉపసంఘం మూడుసార్లు కూర్చుంది. (మూడుసార్లూ బిస్కెట్లు ఇచ్చారు.) వినయం ఉన్నట్టు గెజిటెడ్ అధికారి సంతకం కావాలి. మనుషుల వినయం పరీక్షించే అధికారి ఎవరో తేలక, తెలిసిన పశువుల డాక్టరు చేత పదకొండు మందికీ ఒకేసారి పెట్టించుకొచ్చారు.

జీపుకూ సిద్ధపాటు ఉంది. నూనె రాసి ప్రార్థన చేసిన నాటి నుంచి అది లోక సంబంధమైన పనికి కదలకూడదు. (కార్యదర్శి గారి మరదలి పెళ్ళిచూపులకు టెక్కలి వెళ్ళిరావడం సహవాస యాత్ర కిందికి వస్తుంది.)

సిద్ధపాటు మొదలైన ఆరో రోజున ఎర్రమ్మ వచ్చింది. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. మా సంఘంలో వెనక చాప ఆమెది. పుట్టిల్లు డొంకూరే. అక్కడ ఆమె చెల్లెలు నూకరత్నానికి కిడ్నీలు పాడయ్యాయి. మొహం, కాళ్ళు ఉబ్బిపోయి కూర్చోలేకపోతోంది. పడుకోబెట్టి బరంపురం పెద్దాసుపత్రికి చేర్చాలి.

"జీపు ఎలాగూ మా ఊరే ఎల్తాది గదా బావూ. రేపే ఎల్దారి. మా సెల్లిని ఎనక సీట్లో పడుకోబెట్టీసి బరంపురంలో దింపీయండి. ఊళ్ళో ఇల్లిల్లూ నాకు తెలుసు, నానే దగ్గరుండి తిప్పుతాను" అంది.

"రేపా? ఇంకా ముప్పై నాలుగు రోజుల సిద్ధపాటు ఉందమ్మా" అన్నారు యువరాజు గారు.

"దానికి ఆయాసం వచ్చేత్తంది. అన్నాళ్ళు ఆగుతాదేటి?"

"అందుకే పత్రం తొందరగా నింపు. ప్రార్థన ఎన్ని గంటలు?"

"పిక్కలు కొడతన్నంతసేపూ సేసుకుంటానయ్యా."

పనిలో చేసిన ప్రార్థనకు గడి లేదు. సున్నా వేశారు.

"ఉపవాసం?"

"వారానికి రెండు మూడు పూటలుంటాను."

"కావాలని ఉంటావా?"

"బియ్యం లేక."

అదీ కొట్టేశారు. సంతకం రాదు కాబట్టి వేలిముద్ర వేయమన్నారు. వేసింది. నల్లటి మచ్చ పడింది గానీ అందులో గీత ఒక్కటి లేదు. ఇరవై ఏళ్ళ జీడి సొన పది వేళ్ళ గీతల్నీ కాల్చేసింది.

"ఇది ముద్ర కాదు, మరక."

"మీ కిరస్మస్ కేకులో జీడిపప్పుంటాది గదా బావూ, అందులో ఎతకండి. నా గీతలు అక్కడే ఉంటాయి."

ఉపసంఘం సుదీర్ఘంగా చర్చించి, దరఖాస్తుదారు ఆత్మ సిద్ధమేననీ, వేలు మాత్రం సిద్ధం కాలేదనీ తీర్మానించింది. గీతలు మళ్ళీ మొలిచేదాకా పని మానుకోమని ప్రేమతో సలహా ఇచ్చింది.

పన్నెండో రోజున ఎర్రమ్మ బస్సెక్కి ఒంటరిగా డొంకూరు వెళ్ళిపోయింది. ఒడ్డున బరంపురం పోయే చేపల లారీ ఆగి ఉంది. డ్రైవరు సన్యాసిరావు. ఏ సంఘానికీ చెందడు. ప్రార్థన గంటలు సున్నా, నోట్లో చుట్ట. నూకరత్నాన్ని చూసి అదిరిపడ్డాడు.

"ఏటప్పా ఇది! మనిసి ఇలాగైపోతే ఇన్నాళ్ళూ ఏటి సేత్తన్నారు?"

"జీపు పార్దన సేసుకుంటంది తమ్ముడూ" అంది ఎర్రమ్మ.

"సేసుకోనీ! ఒరేయ్, ఐసు పెట్టెలు దించండ్రా!"

గోనెలు పరిచి, చేపల మధ్య ఆమెను పడుకోబెట్టి తీసుకుపోయాడు. ఇంకొక్క రోజు ఆగితే దక్కేది కాదన్నారట డాక్టర్లు. దక్కింది.

నలభై ఒకటో రోజున మా జీపు డొంకూరు చేరింది. పదకొండు మంది పూర్తి సిద్ధపాటుతో ఇసుకలో దిగారు. దారి చూపే మనిషి లేదు. యువరాజు గారు నూకరత్నం ఇల్లేదని అడిగితే, వల బాగుచేసుకుంటున్న నీలవేణి అనే ఆమె తలెత్తింది.

"అది బరంపురం ఎలిపోయి నెల్లాళ్ళయింది. మీరిప్పుడొచ్చారేటి?"

యువరాజు గారు పత్రాల కట్ట తీసి చూపించారు.

యాత్ర నివేదిక గోడకు అంటించాం. అందులో ఉన్నదిది: రోగిని తరలించిన వాహనానికి అభిషేకం లేదు. నడిపిన మనిషికి పత్రం లేదు. తోడు వెళ్ళిన మనిషికి వేలిముద్ర లేదు. కాబట్టి సదరు ప్రయాణం జరిగినట్టు పరిగణించడానికి వీల్లేదు.

మా రిజిస్టరు ప్రకారం నూకరత్నం ఇంకా డొంకూరులోనే పడుకుని, జీపు కోసం ఎదురుచూస్తోంది.